మున్నారు నుంచి మదురై దాకా నడక: ముందు దిగడం అలవాటు చేసుకోండి

ప్రశ్న: మాది చిత్తూరు. నాకు 48, మావారికి 54. మా చెల్లెలు, మరిదితో కలిసి నలుగురం ఒక ట్రెక్కింగ్ సంస్థ వాళ్ల ఏడు రోజుల ప్యాకేజీలో పోదామనుకుంటున్నాం. మొదటి రోజు ఆలువాలో రైలు దిగి మున్నారు. రెండో రోజు టీ తోటల్లో నడక. మూడో రోజు తెల్లవారుజామున కొలుక్కుమలై కొండ మీద సూర్యోదయం చూసి, కాలినడకన తమిళనాడు వైపు కురంగణికి దిగి, రాత్రికి తేక్కడి. నాలుగో రోజు పెరియార్ అడవిలో పగలంతా ట్రెక్. ఐదో రోజు పళని, ఆరో రోజు మదురై, ఏడో రోజు తిరుగు ప్రయాణం. మనిషికి 26,500 రూపాయలు అడుగుతున్నారు. శివరాత్రి అయ్యాక బయల్దేరాలని ఉంది. ఏటా అలిపిరి నుంచి నడిచే కొండకు పోతాం, మూడు గంటల్లో ఎక్కేస్తాం, కాబట్టి ఇదేమంత కష్టం కాదనుకుంటున్నాం. మావారికి బీపీ ఉంది, రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటారు. నాకేమో జలగలంటే చచ్చేంత భయం. ఏం కొనుక్కోవాలి, వాళ్లను ఏం అడగాలి? పళని, మదురై ఉన్నాయని విని 72 ఏళ్ల మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. కుదురుతుందా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ముందు తేదీ మార్చుకోండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

శివరాత్రి తర్వాత అంటే ఫిబ్రవరి చివరో, మార్చో అవుతుంది. మీరు పోయే వైపు గడ్డికొండలు అప్పటికి ఎండి పెళపెళలాడుతుంటాయి. 2018 మార్చి 11న సరిగ్గా మీ మూడో రోజు దారిలోనే, కొలుక్కుమలై నుంచి కురంగణి వైపు దిగుతున్న ట్రెక్కర్లను కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఏటవాలులో నిప్పు కింది నుంచి పైకి చాలా వేగంగా పాకుతుంది. మంట సెగకు పైనున్న గడ్డి ముందే వేడెక్కి అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది, దానికి తోడు పగటిపూట గాలి కూడా లోయలోంచి పైకే వీస్తుంది. మనిషి పరుగు దాని ముందు చాలదు.

ఆ ఘోరం తర్వాత తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది ట్రెక్కింగుకు నియమావళి తెచ్చింది. 2024 అక్టోబరులో ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతో 40 దారులకు ఆన్‌లైన్ బుకింగ్ మొదలుపెట్టింది. కురంగణి వైపు దారి కూడా ఆ జాబితాలో ఉంది. నిప్పు భయం ఉండే కాలం, అంటే ఫిబ్రవరి మధ్య నుంచి, ఈ దారులు మూసేస్తారు. కేరళ వైపు చూస్తే ఇరవికుళం జాతీయ పార్కును కూడా నీలగిరి తార్ అనే కొండమేకలు ఈనే కాలమని ఏటా ఇంచుమించు ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూసి ఉంచుతారు. మీరు అనుకున్న రోజుల్లో పోతే అక్కడిదాకా పోయి గేటు చూసి రావడమే.

సంక్రాంతి అయ్యాక జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మీకు అనువైన సమయం. వానలు వెనకబడతాయి, జలగలు తగ్గుతాయి, గడ్డి ఇంకా పూర్తిగా ఎండదు. మకరజ్యోతి కూడా అయిపోతుంది కాబట్టి అయ్యప్ప స్వాముల రద్దీ దిగుతుంది. తిరుపతి, చిత్తూరు మీదుగా ఆలువా పోయే శబరి, కేరళ ఎక్స్‌ప్రెస్‌లలో అయ్యప్ప మాలలు వేసుకునే కాలంలో బెర్తు దొరకడం ఎంత గగనమో మీకు చెప్పక్కర్లేదు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు, క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఆ రోజుల్లో చూసుకోవాల్సింది ఒక్క తైపూసం, పళనిలో సుబ్రహ్మణ్యస్వామికి జరిగే పెద్ద పండుగ. తిరుత్తణి ఆడికృత్తిక చూసినవాళ్లకు ఆనాటి పళని ఎలా ఉంటుందో ఊహకందుతుంది. దానికి ముందూ వెనకా మూడేసి రోజులు పళని పెట్టుకోకండి.

ఇక అలిపిరి సంగతి. 3,550 మెట్లు మూడు గంటల్లో ఎక్కుతున్నారంటే మీ ఊపిరికి ఢోకా లేదు. మరి దిగేది ఎలా? బస్సులోనే కదా. సామాను అలిపిరి కౌంటరులో ఇస్తే దేవస్థానం వాళ్లే పైకి చేరుస్తారు. అంటే మీ కాళ్లకు బరువుతో నడవడం తెలియదు, కొండ దిగడం అసలే తెలియదు. ట్రెక్కుల్లో మన వైపు వాళ్లు ఇబ్బంది పడేది ఎక్కువగా ఇక్కడే. ఎక్కేటప్పుడు ముందుంటారు, రెండో రోజు దిగుడులో మోకాలు పట్టుకుని కూర్చుంటారు.

దానికి కారణం ఉంది. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, అడుగడుగునా ఒంటి బరువుకు బ్రేకులా పట్టుకోవాలి. అలవాటు లేని కండరంలో ఈ సాగుడుకు సన్నని పోగులు దెబ్బతింటాయి. ఆ నొప్పి అదే రోజు తెలియదు. మర్నాడు మొదలై, రెండో రోజుకు ముదిరి, మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిన స్థితికి తెస్తుంది. కండరం అలసిపోతే ఆ బరువంతా మోకాలి చిప్ప మీదికి, మడమ మీదికి మారుతుంది. కాలు మడతపడటాలు, జారిపడటాలు చాలావరకు దిగుడు చివరి గంటలోనే జరుగుతాయి.

ఈ లెక్కన మీ ప్యాకేజీ చూడండి. అలిపిరి నుంచి తిరుమల ఎత్తు 700 మీటర్లకు కాస్త అటూ ఇటూ. కొలుక్కుమలై టీ తోట సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉంది, కురంగణి కొండ పాదంలో ఉంది. రెండు తిరుమల కొండలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేరోజు దిగినట్టు. అదీ తెల్లవారుజామున మూడింటికి లేచి, సూర్యనెల్లి నుంచి గంటకు పైగా రాళ్లబాటలో జీపు కుదుపులు తిన్నాక. ఆ రాత్రికే తేక్కడి చేరి, నొప్పి మొదలయ్యే మర్నాడే పెరియార్‌లో పగలంతా నడక. కాగితం మీద రాసినవాళ్లకు ఇది బాగానే ఉంటుంది.

మా సలహా ఇది. మూడో రోజు కొలుక్కుమలై చూసి, ఆ జీపులోనే సూర్యనెల్లికి వచ్చేయండి. అక్కడి నుంచి పూప్పార, నెడుంకండం మీదుగా యాలకుల తోటల మధ్యగా తేక్కడి ఊరైన కుమిళికి రోడ్డు ఉంది. సాయంత్రానికి చేరి హాయిగా పడుకోవచ్చు. కురంగణి దిగుడే కావాలని మీ మరిది పట్టుబడితే రెండు షరతులు. తమిళనాడు అటవీశాఖ అనుమతి పత్రం మీ పేర్లతో, ఆ తేదీతో ముందే చూపించాలి. మర్నాడు విశ్రాంతి రోజుగా పెట్టాలి, అంటే ప్యాకేజీ ఎనిమిది రోజులు కావాలి. ‘అక్కడ మాకు తెలిసినవాళ్లున్నారు, చూసుకుంటాం’ అనే మాట అనుమతి పత్రం కాదు. పనిలో పనిగా మీసపులిమల కూడా ఎక్కించేస్తామంటే అస్సలు ఒప్పుకోకండి. 2,640 మీటర్ల ఆ శిఖరానికి కేరళ అటవీ అభివృద్ధి సంస్థ ద్వారా ముందే బుక్ చేసుకుని, వాళ్ల గైడుతోనే పోవాలి. కొలుక్కుమలై వైపు నుంచి గుట్టుగా తీసుకుపోయేవాళ్లతో పోతే కేసు మీ మీదా పడుతుంది.

అభ్యాసానికి ఎనిమిది వారాలు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు వారానికి నాలుగు రోజులు 45 నిమిషాల చురుకైన నడక చాలు. దాంతోపాటు రోజు విడిచి రోజు ఒక చిన్న కసరత్తు చేయండి. ఇంటి గడపముందు మెట్టు, ఎత్తు జానెడు ఉంటే సరి, దాని అంచున ఒంటికాలి మీద నిలబడండి. రెండో కాలి మడమ నేలకు తాకేదాకా మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగండి, తాకగానే మళ్లీ పైకి లేవండి. ఒక్కో కాలికి పదిసార్లు, అలా మూడు విడతలు. మోకాలు లోపలికి వాలకుండా, కాలి రెండో వేలి దిశలోనే వంగేట్టు చూసుకోండి. వాలుతోందంటే గోడకు చెయ్యి ఆనించుకుని చేయండి. ఈ ఒక్క కసరత్తు మీరు కొనబోయే ఏ వస్తువుకన్నా ఎక్కువ పనిచేస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లయితే లిఫ్టులో పైకి పోయి మెట్ల మీదుగా దిగండి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీండి.

మూడో వారం నుంచి వారానికొకసారి కొండ. ముందు శ్రీవారి మెట్టు: 2,388 మెట్లే, దూరం తక్కువ, నిటారు. ఎక్కి, పైన అరగంట కూర్చుని, నడిచే దిగండి. రెండుసార్లు అలా చేశాక అలిపిరి దారి ఎక్కి దిగండి. వీపున సంచిలో మూడు కిలోలతో మొదలుపెట్టి ఆరుకు పెంచండి. బరువుకు నీళ్ల సీసాలు పెట్టుకుంటే మంచిది, దిగుడులో మోకాలు మొరాయిస్తే పారబోసి తేలిక చేసుకోవచ్చు. చిరుతల సంచారం వల్ల మెట్లదారుల వేళలు, పిల్లల విషయంలో నియమాలు మారుతుంటాయి, పోయేముందు దేవస్థానం ప్రకటన చూసుకోండి. చివరి పది రోజులు కొండ మానేసి మామూలు నడకకే పరిమితం కండి.

మెట్లదారి ఒక్కటే సరిపోదు. మెట్టు ప్రతిసారీ ఒకే ఎత్తున, చదునుగా ఉంటుంది. అడవి బాటలో వేళ్లు, కదిలే రాళ్లు, తడి బంకమన్ను, గడ్డి కింద గుంటలు ఉంటాయి. పైగా మెట్లదారిలో చెప్పుల్లేకుండా నడవడం మన ఆచారం, కాబట్టి బూట్లు అలవాటు చేసుకోవడం అక్కడ కుదరదు. దానికి తలకోన జలపాతం దగ్గర అనుమతి ఉన్న అడవి బాట, హార్స్‌లీ హిల్స్ బాటలు బాగుంటాయి. అట్లని శేషాచలంలో గుర్తు లేని దారుల్లోకి దూరకండి. ఎర్రచందనం నిఘా ఉన్న అడవి అది. ట్రెక్కింగ్ అభ్యాసమని చెబితే టాస్క్‌ఫోర్సు వాళ్లు సరేనని వదిలేయరు.

దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా వేయండి. మోకాళ్లు కొంచెం వంచి, పాదం మొత్తం ఒకేసారి ఆనించండి. భయంతో వెనక్కి వాలితే మడమ జారుతుంది, పడేది అలాగే. నిటారుగా ఉన్నచోట నేరుగా కాకుండా పాములా వంకరగా దిగాలి. చేతికర్రలు ఉంటే చదునైన చోట మోచెయ్యి లంబకోణంలో వంగే పొడవున, దిగేటప్పుడు అంతకన్నా ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడవుగా పెట్టుకోండి. మీ నలుగురిలో మీవారికి మాత్రం కర్రలు తప్పనిసరి అనుకోండి. రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లకు చిన్నపాటి పడటం కూడా పెద్ద దెబ్బే.

బూట్లు సాయంత్రం పూట కొనండి. పగలంతా నడిచాక పాదం కొంత ఉబ్బుతుంది, ట్రెక్కులో ఉండే సైజు అదే. మీరు వాడబోయే మందపాటి సాక్సు తొడుక్కునే చూసుకోవాలి. లేసు కట్టకముందు పాదాన్ని ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి, కట్టాక మడమ కదలకూడదు. కొట్టులో ర్యాంపు ఉంటే దాని మీద దిగి చూడండి, వేళ్లు ముందుకు తగిలితే ఆ జత వద్దు. దిగుడులో గోళ్లు నల్లబడి ఊడిపోయేది అందుకే. కాలిగోళ్లు బయల్దేరే మూడు రోజుల ముందు అడ్డంగా, కురచగా కత్తిరించుకోండి. కొత్త జతతో కనీసం నెల రోజులు నడవాలి. దానికన్నా ప్రమాదం ఎప్పుడో కొని బీరువాలో దాచిన జత. అడుగున ఉండే పాలియురెథేన్ నురుగు వాడకపోయినా గాలిలోని తేమకే పెళుసెక్కి, నాలుగైదేళ్లకు పైకి బాగానే కనబడుతూ, నడక మొదలైన గంటలో సోలు పెచ్చులా ఊడివస్తుంది. మీ మరిది దగ్గర అలాంటిది ఉంటే బొటనవేలితో అడుగు పక్కలను గట్టిగా నొక్కి చూడమనండి. పగుళ్లు కనిపించినా, పొడి రాలినా పారేయాల్సిందే.

నూలు బనియన్లు, నూలు సాక్సులు ఇంట్లో ఉంచి రండి. చెమటకు తడిస్తే ఆరవు. మున్నారు చుట్టుపక్కల కొన్ని ఎస్టేట్లలో జనవరి తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకడుతుంది, ఆ చలిగాలిలో తడి బట్టతో ఉంటే వణుకు పట్టుకుంటుంది. పాలిస్టర్ టీషర్టు, దానిపైన ఫ్లీసు అనే పలుచని వెచ్చటి పైబట్ట, ఆపైన గాలీ వానా ఆపే జాకెట్టు చాలు. లావుపాటి స్వెట్టరు ఒకటి తెచ్చుకుంటే ఎక్కేటప్పుడు ఉక్క, విప్పితే చలి. పాదంలో ఎక్కడైనా వేడిగా ఒరుసుకుంటున్నట్టు అనిపిస్తే అప్పుడే ఆగి టేపు వేయండి. అందరినీ ఆపడం దేనికని మొహమాటపడితే అరగంటలో బొబ్బ లేస్తుంది. సంచి లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి బట్టలు అందులో పెట్టండి, సంచి మీద కప్పే వానకవరు వీపు వైపు నుంచి వచ్చే నీళ్లను ఆపదు. పెద్ద బ్యాగు వాహనంలోనే పోతుందా అని అడగండి. పోతుందంటే మీ వీపున ఐదారు కిలోలు మించనివ్వకండి.

సంస్థ వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న రోజుకు ఎన్ని కిలోమీటర్లు అని కాదు. ఎన్ని మీటర్లు ఎక్కుతాం, ఎన్ని మీటర్లు దిగుతాం, చివరి నలుగురు సాధారణంగా ఎన్నింటికి చేరతారు అని. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లు ఆ దారి నడిచినవాళ్లు. తర్వాత, వెనక నడిచే గైడు వేరుగా ఉంటాడా? ఒకే గైడు ముందుంటే వెనకబడినవాళ్లు ఒంటరివాళ్లవుతారు, దారి తప్పేది అప్పుడే. ఎవరికైనా కాలు బెణికితే మధ్యలోంచి జీపు రోడ్డుకు చేరే దారి ఎక్కడ, అక్కడికి ఎంతసేపు? అటవీశాఖ దారి మూసేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, వేరేచోటికి తిప్పుతారా? ఇది ఈమెయిల్లోనో వాట్సాప్‌లోనో రాసి ఇవ్వమనండి. ఇన్సూరెన్సు ఉందంటే పాలసీలో ట్రెక్కింగ్ వర్తిస్తుందని ఉందో లేదో చదవండి, కొన్ని పాలసీలు సాహస క్రీడలను మినహాయిస్తాయి. 26,500లో పెరియార్ టికెట్లు, కొలుక్కుమలై జీపు, రైలు ఛార్జీ కలిశాయో లేదో వరసగా రాయించుకోండి. ధర ఎక్కువా తక్కువా అన్నది ఆ జాబితా చూశాకే తేలుతుంది. మొత్తం డబ్బు ముందే కట్టకండి.

పెరియార్‌లో మాత్రం ఏ సంస్థవాళ్లైనా సొంతంగా అడవిలోకి తీసుకుపోలేరు. టైగర్ రిజర్వు వాళ్ల కార్యక్రమాల్లోనే, వాళ్ల గైడులతో పోవాలి. ఒకప్పుడు వేటగాళ్లుగా తిరిగినవాళ్లే ఇప్పుడు అక్కడ కొన్ని ట్రెక్కులకు దారి చూపేవాళ్లు, అడవిని వాళ్లలా చదివేవాళ్లు దొరకరు. పగలంతా సాగే బార్డర్ హైకింగ్, వెదురు తెప్పల కార్యక్రమం రెండూ సీట్లు పరిమితం, ముందే బుక్ చేయాలి. మీకు తెప్పలది నయం. కొంత నడక, కొంత నీళ్ల మీద. మూడు రోజుల కాళ్ల నొప్పికి అదే సరిపోతుంది.

జలగల విషయం. జనవరిలో పొడి బాటల మీద దాదాపు ఉండవు, పెరియార్‌లో తడి ఆకులున్న చోట్ల మాత్రం ఉండొచ్చు. అక్కడ మోకాలి దాకా వచ్చే జలగ సాక్సులు ఇస్తారు, ప్యాంటును వాటి లోపలికి దోపి తాడు గట్టిగా కట్టుకోవాలి. అంచుకు పొడి ఉప్పు కానీ నశ్యం కానీ పులమండి. ఆగితే ఆకుల మీద ఆగకుండా రాతి మీదో, ఎండపడే చోటో ఆగండి. పట్టుకుంటే లాగకండి, అగ్గిపుల్లతో కాల్చకండి. సన్నగా ఉండే కొస దాని నోరు. చర్మానికి ఆనించి గోరు పక్కనుంచి జరిపితే పట్టు వదిలేస్తుంది. నొప్పి ఉండదు, రక్తం మాత్రం ఆగదు, గడ్డకట్టకుండా చేసే పదార్థం అది గాయంలో వదులుతుంది కాబట్టి. కడిగి, గాజుగుడ్డ పెట్టి పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. మామూలువాళ్లకే గంటల తరబడి ఊరుతుంది, మీవారికి ఇంకా ఎక్కువ. ఆయన సంచిలో గాజుగుడ్డ, అతుక్కునే బ్యాండేజీ చుట్ట పైనే ఉండాలి.

ఆయన బయల్దేరే నెల ముందే గుండె డాక్టరును కలిసి, రోజుకు ఆరేడు గంటలు నడుస్తానని చెప్పాలి. ‘టూరు పోతున్నా’ అంటే సరేనని పంపించేస్తారు. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయించే రకం ఉంటే నడక రోజుల్లో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గి కళ్లు తిరగొచ్చు, మోతాదు సంగతి అడగాలి. దారిలో మరుగు కష్టమని మాత్ర ఎగ్గొట్టడం మాత్రం వద్దు. మందులు రెండు భాగాలు చేసి వేర్వేరు సంచుల్లో పెట్టండి. ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకి లాగడం, మాట తడబడటం లాంటివి కనబడితే కూర్చోబెట్టి గైడుకు చెప్పాలి. ‘కొంచెం దూరమే కదా, పైకి పోయాక చూద్దాం’ అనకూడదు.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. లీటరు ప్యాకెట్ ఓఆర్‌ఎస్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, సగం సీసాలో వేసి చిక్కగా తాగితే దాహం ఇంకా పెరుగుతుంది. తినడానికి పల్లీపట్టీ, ఖర్జూరం, మొదటి రోజుకు పులిహోర. పెరుగన్నం సంచిలో పులిసిపోతుంది, తేకండి. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లయితే, నడక ఎక్కువ ఉన్న రోజు శనివారం పడకుండా తేదీలు వేసుకోండి. ఖాళీ కడుపుతో దిగుడు కాళ్లు వణికిస్తుంది. మున్నారు వైపు కొబ్బరినూనె వంట, లావు మట్ట బియ్యం మీకు పడకపోతే ముందే చెప్తే మామూలు అన్నం పెడతారు.

టీ తోటల నడక తేలిక, కానీ ఒక చిక్కుంది. తోటలు కంపెనీలవి, దారి కూడా వాళ్లదే, అనుమతి సంస్థ తీసుకోవాలి. ఫోటో కోసం మొక్కల వరసల్లోకి దిగకండి. ఏటవాలుకు అడ్డంగా తవ్విన మురుగు కాలువలు పొదల కింద కనపడవు, కాలు అందులో పడితే చీలమండ బెణుకుతుంది. ఆకు తెంపి నోట్లో వేసుకోకండి, మందు కొట్టి ఉండొచ్చు. చిన్నకానల్, సూర్యనెల్లి వైపు ఏనుగులు తోటల్లోనే తిరుగుతుంటాయి. 2023లో కేరళ అటవీశాఖ పట్టి పెరియార్‌కు తరలించిన అరికొంబన్ అనే ఏనుగు ఆ చుట్టుపక్కలదే. తెల్లవారకముందు, చీకటి పడ్డాక బస దాటి నడవద్దు. ఏనుగు కనబడితే సెల్ఫీ, ఫ్లాష్ వద్దు. గైడు ఏ వైపు అంటే ఆ వైపు చప్పుడు లేకుండా వెనక్కి జరగడమే.

గుడులకు ట్రెక్కింగ్ బట్టలు పనికిరావు. మదురైలో పొట్టి ప్యాంట్లు, చేతుల్లేని పైబట్టలతో లోపలికి పోనివ్వరు. పంచె, చీర ఒక వేరు కవరులో మడిచి పెద్ద బ్యాగులో ఉంచండి. మీనాక్షి గుడిలో సెల్‌ఫోన్ అనుమతి లేదు, బయట కౌంటరులో పెట్టాలి. అందుకే నలుగురూ విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతం నుంచి నాలుగింటిదాకా గుడి మూస్తారు. ఆ ఖాళీలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు చూడొచ్చు. అన్నట్టు థేని, బోడి, కంబం వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు బోలెడు. మీ చిత్తూరు తమిళం ఎటూ ఉండనే ఉంది, దారి అడగడానికి ఇబ్బంది పడరు.

మీ అత్తగారి సంగతి. మున్నారు నుంచి తేక్కడి దాకా వాహనంలో కూర్చోబెట్టి తిప్పుదామనుకుంటారేమో, వద్దు. నాలుగు గంటల ఘాట్‌రోడ్డు, వాంతులు, మీరు అడవిలో ఉన్నంతసేపు ఆమె గదిలో ఒంటరిగా. ఇంట్లో మరొకరిని తోడిచ్చి నేరుగా పళనికి పంపండి, మీరు తేక్కడి నుంచి వచ్చి అక్కడ కలవండి. పళని కొండకు 693 మెట్లు. ఎక్కలేనివాళ్లకు రోప్‌కారు, పట్టాల మీద నడిచే వించి రెండూ ఉన్నాయి. గాలి ఎక్కువైతే రోప్‌కారు ఆపేస్తారు, మరమ్మతులకని కూడా కొన్ని రోజులు ఉండదు, కాబట్టి వించి టికెట్టుకే సిద్ధపడి పొద్దున్నే క్యూలో నిలబడండి. పైన రాతి నేల ఎండకు మధ్యాహ్నానికి కాలుతుంది, పది గంటల లోపు దర్శనం అయ్యేట్టు చూసుకుంటే ఆమెకు సుఖం. మర్నాడు మదురైలో గుడికి దగ్గరలోనే గది తీసుకోండి. చుట్టుపక్కల వీధుల్లోకి వాహనాలు రానివ్వకపోవచ్చు, అక్కడి నుంచి నడకే.